జానమ్మ సర్టిఫికెట్లు

“ఒరిజినల్స్ మాత్రం ఇయ్య. జిరాక్సులు గావాల్నంటే కొండవోండ్రి,” అంది జానమ్మ, ఇనుప పెట్టె మీద నుంచి లేవకుండా.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఏజెంటు ఓపిగ్గా నవ్వాడు. మెడలో టై, ఒళ్లో తోలు సంచి. కువైట్ దవాఖాన పంపిన మనిషినంటూ పొద్దున్నే పాలమూరులో దిగి, అడ్రసు పట్టుకొని వచ్చాడు.

“ఎంబసీ వాళ్లు జిరాక్సులు ముట్టుకోరు సిస్టర్. ఈ రాత్రికే నేను బొంబాయి బండి ఎక్కాలి. మీరు కాదంటే నారాయణపేటలో ఇంకో నర్సమ్మ కాసుకొని ఉంది.”

ఆ మాటకు జానమ్మ భర్త నర్సింహకు కాలు నిలవలేదు. వాకిట్లోకి పోయాడు, మళ్లీ వచ్చాడు. ఈ ఉద్యోగం ఒక రకంగా అతను తెచ్చిందే. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో ఈమెయిల్ అడ్రసు తెరిచి, పెళ్లాం చదువంతా టైపు కొట్టించి, దొరికిన ప్రతి దవాఖానకూ పంపాడు. నాలుగు రోజులకే కువైట్ నుంచి జవాబొచ్చింది. నర్సు ఉద్యోగానికి మీ భార్య సెలెక్టయింది, జిరాక్సులు మా హైదరాబాద్ ఆఫీసుకు పోస్టు చేయండి, ఒరిజినల్స్ కోసం మా మనిషి వస్తాడు అని. నర్సింహ ఆ రోజే జిరాక్సులు పోస్టు చేశాడు.

“గింత అదృష్టం ఇంటికొస్తే గట్ల కూసుంటవేందే? లే, తాళం తియ్యి,” అన్నాడు నర్సింహ.

“సోమవారం నా సర్కారు నౌకరికి ఒరిజినల్స్ చూస్తరు. అయి లేకుంటే లిస్టులకెల్లి పేరు కొట్టేస్తరు. కువైట్ పోతే పోనీ, గదన్న మిగలాలె గద?”

“గప్పటికి నువ్వు కువైట్‌ల ఉండవా!”

“ఉంటనని నాకైతే నమ్మకం లేదు. నర్సును తీసుకునేటోళ్లు ఏ వార్డుల చేసినవు, ఆపరేషన్లల నిలబడ్డవా అని ఒక్క ముక్క అడగరా? ఇంకోటి చెప్పు. నువ్వు పైసా ఇయ్యకుండ పుక్కట్ల తెరిచిన ఈమెయిల్ అడ్రసు అసోంటిదే వాళ్లది గుడ. గంత పెద్ద దవాఖానకు సొంత అడ్రసు లేకపాయెనా?”

ఏజెంటు నవ్వు పలచబడింది. వాచీ చూసుకున్నాడు.

“మీ ఇష్టం. నేను లేచానంటే మళ్లీ రాను.”

పైకి గట్టిగా మాట్లాడింది కానీ జానమ్మకు లోపల అనుమానంగానే ఉంది. ఒకవేళ నిజమే అయితే? చేజేతులా పోగొట్టుకుంటున్నానేమో? కొంగుకు కట్టిన తాళంచెవి మీదికి చెయ్యి దానంతటదే పోయింది.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది.

“దొరికినవురా బాడ్కావ్!”

కురచ క్రాపు, పూల చొక్కా, కాళ్లకు ఎర్ర బూట్లు. బూట్లు విప్పకుండా జనం ఇళ్లలోకి జొరబడేది ఆ ఊళ్లో మఫ్టీ పోలీసులొక్కరే. వచ్చీ రావడంతోనే ఏజెంటు చెంప ఛెళ్లుమనిపించాడు. మెడలోని టై గుంజి, దానితోనే వాడి చేతులు వెనక్కి విరిచి కట్టాడు.

“ఇయ్యలే గదమ్మా?”

“లే... లేదు సార్.”

“బతికిపోయినవు. కట్టంగూర్‌ల ఒక నర్సమ్మను గిట్లనే ముంచిండు. ఆమె కాయిదాల మీద ఇంకొకామె కువైట్ పోయింది. పేరు ఈమెది, ఫొటో ఆమెది. ఇప్పుడు ఈమె నేనే నర్సునంటే నమ్మేటోడు లేడు.”

జానమ్మ తాళంచెవికి కొంగుతో ఇంకో ముడి వేసింది.

“సార్, మీరు ఏ టేషను...” అనబోయాడు నర్సింహ. జానమ్మ అతన్ని మోచేత్తో పొడిచింది. మఫ్టీ వాళ్లను మీరెవరని అడిగి జీపెక్కినవాళ్లు ఆ రోజుల్లో ఆ జిల్లాలో తక్కువేం కాదు.

“నీ పెండ్లాంకున్న తెలివి నీకుంటే నాకు గీ ఉరుకులాట లేకుండె,” అన్నాడు వచ్చినాయన నర్సింహతో. జానమ్మకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

అతను ఏజెంటు సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. జానమ్మ సర్టిఫికెట్టే. పేరు తనదే, పైన మాత్రం ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఫొటో.

“నువ్వు పోస్టుల పంపిన జిరాక్సుతోని అప్పుడే దొంగది తయారు చేసిండు. గిదీ, నీ అసలుదీ పక్కపక్కన పెట్టి జడ్జికి చూపెడితేనే వీనికి శిక్ష పడ్తది. లేకుంటే రేపే బయటికొస్తడు.”

“సోమవారం నాకు అవసరం సార్...”

“ఫికర్ చెయ్యకు. రేపు పొద్దుగాల టేషనుకొచ్చి తీస్కపో. నాది జిమ్మేదారి.”

ఈసారి జానమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. పెట్టె తాళం తీసి, సర్టిఫికెట్లున్న కవరు అలాగే ఆయన చేతిలో పెట్టింది. ఏజెంటును మెడ పట్టి నెట్టుకుంటూ ఆయన వెళ్లిపోయాడు.

“తప్పయిందే. నీ మాటే నిజమాయె,” అన్నాడు నర్సింహ తలొంచుకొని. ఎన్నాళ్ల తర్వాతో జానమ్మ మనసారా నవ్వింది.

తలుపు వేయబోతూ చూస్తే, గడప పక్కన ఏజెంటు బూట్లు అలాగే ఉన్నాయి. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. నేల పెనంలా కాలుతోంది. దొంగైనా కాళ్లు కాళ్లే కదా అనిపించి, ఆ బూట్లు పట్టుకొని గల్లీ మలుపు దాకా పరుగెత్తింది.

మలుపులో ఏజెంటు స్కూటరుకు కిక్కు కొడుతున్నాడు. కవరు చంకలో పెట్టుకొని వెనక కూర్చున్న మఫ్టీ మనిషి, వాడి చెంప నిమురుతూ అడుగుతున్నాడు:

“గట్టిగ తగిలిందారా తమ్మీ?”