వాము వేసిన కందిపొడి

2016 అక్టోబరు 16, ఆదివారం సాయంత్రం, మధులిక కార్డిఫ్‌లోని తన ఫ్లాట్‌లో కూర్చుని అఖిల్ నంబరును బ్లాక్ చేసింది. ఆ నంబరు ఆమె ఫోన్‌లోకి చేరి మూడు రోజులే అయింది.

మధులికది కాకినాడ. కార్డిఫ్‌లో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు. లీడ్స్‌లో ఉండే పుష్పలీల ఆంటీ రెండేళ్లుగా ఆమెకు సంబంధాలు చూస్తోంది. ఆంటీ మధులిక తల్లికి స్నేహితురాలు. ఆమె కుదిర్చిన జంటలు ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో ఉన్నాయి. మధులిక మాత్రం ఎవరినీ ఒప్పుకోలేదు.

"నాకు కావలసినవాణ్ణి నేనే చూసుకుంటాను ఆంటీ. మీరు చూపించినవాడు ఎంత మంచివాడైనా చేసుకోను" అని ఉగాది నాడు ఆంటీ ఇంట్లోనే చెప్పేసింది.

"చూసుకో తల్లీ, నేను వద్దన్నానా? నువ్వు చూసేలోపు వాళ్లకి పెళ్లిళ్లయిపోయి పిల్లలు పుట్టేస్తున్నారు, అదీ నా బాధ" అంది ఆంటీ.

అక్టోబరులో మధులిక డ్యూటీల రోటా మార్పించుకుని మొరాకో వెళ్లింది. అట్లాస్ కొండల్లో, బెర్బర్ తెగవాళ్ల గ్రామాల మీదుగా నడక. దారి చూపడానికి గైడు ఉంటాడు. సామాను కంచరగాడిదలు మోస్తాయి. తెలుగువాళ్లెవరూ అటు రారని ఆమె ధైర్యం. ప్రయాణం సంగతి తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మరాకేష్ విమానాశ్రయంలో గైడు లహ్సెన్ తొమ్మిది మంది కోసం ఎదురుచూశాడు. ఎనిమిది మంది వచ్చారు. కాసేపు ఆగి వ్యాన్ ఎక్కమన్నాడు. మధులిక పక్క సీటు ఖాళీగా ఉంది. వెనక నుంచి ఒకతను వచ్చి అందులో కూర్చున్నాడు.

"మీరు తెలుగే కదా? బ్యాగు మీద ఇంటిపేరు చూసిన."

పేరు అఖిల్. ఊరు వరంగల్. ఉద్యోగం లీడ్స్‌లో. లీడ్స్ అనగానే మధులికకు అనుమానం వచ్చింది. తర్వాత వరంగల్ గుర్తొచ్చింది. పుష్పలీల ఆంటీ గోదావరి జిల్లాలు దాటి సంబంధం చూసిన దాఖలా లేదు.

"మీకు వీసా ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

"నిన్న పొద్దుగాల. మన పాస్‌పోర్టుకు శానా టైం పట్టింది. వస్తదో రాదో అని బ్యాగు కూడ సర్దలే. మీకు?"

"మొన్న. నేనూ సర్దలేదు."

కొండల కింద ఇమ్లిల్ అనే ఊరి నుంచి నడక మొదలైంది. మొదటి కనుమ ఎక్కేటప్పుడు మధులిక ఆగితే అతను ఆగాడు. మర్నాడు అతను ఆగితే ఆమె ఆగింది.

"ఇంక లాభం లేదు, కంచరగాడిద ఎక్కేయండి" అంది.

"దానికి నేనంటే పడదు. పొద్దుగాల తన్నబోయింది."

గ్రామాల్లో మట్టి మిద్దెల మీద కూర్చుని పుదీనా టీ తాగారు. పప్పుచారు గొప్పదా, పచ్చిపులుసు గొప్పదా అని ఒక లోయ పొడవునా వాదించుకున్నారు. లహ్సెన్ వాళ్లిద్దరినీ చూసి, పెళ్లయి ఎన్నేళ్లయిందని అడిగాడు.

"మాకు పెళ్లి కాలేదు" అంది మధులిక.

"మరి ఇంతలా ఎందుకు పోట్లాడుకుంటున్నారు?" అన్నాడు లహ్సెన్.

గురువారం పన్నెండో శతాబ్దపు మసీదు ఒకటి చూశారు. పైకప్పు లేదు. గోడలు, తోరణాలు ఉన్నాయి. లహ్సెన్ చరిత్ర చెబుతున్నాడు. అఖిల్ వినడం లేదు.

"లీడ్స్ నుంచి కార్డిఫ్‌కు డైరెక్ట్ ట్రైన్ ఉంటదా?"

"ఉండదు. మధ్యలో మారాలి."

"మారుత తియ్. నంబరియ్."

ఇచ్చింది. అతని నంబరు తీసుకుంది. ఆ మధ్యాహ్నం తల్లికి మెసేజ్ రాసింది: 'అమ్మా, నాకు ఒకరు నచ్చారు. నేనే చూసుకున్నాను.' కొండల్లో సిగ్నల్ లేక అది వెళ్లలేదు.

సాయంత్రం ఆఖరి గ్రామంలో భోజనానికి కూర్చున్నారు. రొట్టె, మట్టిపాత్రలో ఉడికించిన కూరగాయల తజీన్ పెట్టారు. అఖిల్ సంచిలోంచి డబ్బా తీసి కందిపొడి ఆమె పళ్లెంలో వేశాడు. మధులిక ఒక ముద్ద తిని ఆగిపోయింది. అందులో జీలకర్ర లేదు. వాము ఉంది. కందిపొడిలో వాము వేసే ఇల్లు ఆమెకు ఒక్కటే తెలుసు.

"ఇదెక్కడిది?"

"లీడ్స్‌ల పుష్పలీల ఆంటీ ఇచ్చింది. ఆమె ఇంట్ల తినని బ్యాచిలర్ లేడు. ఎటన్న పోతున్నమంటే చాలు, ఓ డబ్బా చేతుల పెడ్తది."

"ఈ ట్రెక్ సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే. ఆంటీ టేబుల్ మీద దీని బ్రోచర్ ఉండె. ఫొటోలు మంచిగున్నయని బుక్ చేసుకున్న. ఏమైంది?"

"నేను వస్తున్నానని ఆంటీ చెప్పలేదా?"

"ఆంటీ నీకెట్ల తెలుసు?"

బాగానే నేర్పి పంపించింది అనుకుంది మధులిక. రొట్టె పళ్లెంలో పెట్టి లేచింది. మరాకేష్ చేరేదాకా అతనితో మాట్లాడలేదు. అతను రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. సిగ్నల్ వచ్చేలోపే తల్లికి రాసిన మెసేజ్ తీసేసింది.

ఆదివారం కార్డిఫ్ నుంచి ఆంటీకి ఫోన్ చేసింది.

"ఒక్క మాట చెప్పండి ఆంటీ. నా ట్రెక్‌కి అబ్బాయిని పంపింది మీరేనా?"



"మీ అమ్మ చెప్పేసిందా? చెప్పొద్దన్నాను కదా ఆవిడకి! అవునమ్మా, నేనే బుక్ చేయించాను. మనం చూపిస్తే నువ్వు వద్దంటావని... కుర్రాడు బంగారం. అయితే ఏమైందంటే, వాడూ..."

"ఇంకేం చెప్పకండి ఆంటీ. మీరు చూపించినవాణ్ణి చేసుకోనని ఆ రోజే చెప్పాను."

ఫోన్ పెట్టేసింది. అఖిల్ నంబరు తీసి బ్లాక్ నొక్కింది.

పుష్పలీల ఆంటీ బుక్ చేయించిన కుర్రాడి పేరు చక్రి, ఊరు అమలాపురం. మొరాకో వీసా రాక ఆ వారమంతా అతను బెల్‌ఫాస్ట్‌లో ఆఫీసుకే వెళ్లాడు.