ఊగే బోగీలో యుద్ధం

మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక పాత బోగీని యుద్ధ మ్యూజియం చేశారు. లోపల కూర్చుంటే సీట్లు ఊగుతాయి, పొగ లేస్తుంది, స్పీకర్లలో బాంబులు పేలతాయి. ఇది డెబ్భై ఒకటి యుద్ధమట! మనుషులు చచ్చిన యుద్ధాన్ని తిరనాళ్లలో రంగులరాట్నం చేసిన సిగ్గులేని పని. దాని బండారం బయటపెట్టాలని, ఆ యుద్ధానికి మందుగుండు రైలు తీసుకెళ్లిన రిటైర్డ్ గార్డు పోలినాయుడు మావని నేనే లాక్కెళ్లాను.

ఆట అయింది. జనం ఈలలేశారు. థూ!

"ఎలా ఉందండీ?" అని అది తయారుచేసిన ఇంజనీరింగు విద్యార్థి పళ్లికిలించాడు.

"బాగుంది గానీ బాబూ, ఈ సప్పుడేటి? మేం దీపాలార్పీసి, కూతెయ్యకుండా ఎల్లినాం. సప్పుడు లేకపోడమే మా బయం."

"గట్టిగా సెప్పు మావా! ఈల్లకి యుద్ధమంటే దీపావళి" అన్నాను.

మావ నా వైపు చూడలేదు. "ఓపాలి అన్నీ ఆపి నడపండి బాబూ" అన్నాడు.

"ఠీక్ హై" అన్నాడు విద్యార్థి. తలుపులు మూశారు. వెలుగు లేదు, శబ్దం లేదు. సీట్లు మాత్రం ఊగుతున్నాయి. కింద మందుగుండు ఉందన్నట్టు అందరూ ఊపిరి బిగబట్టారు. ఒక నిమిషం గడిచింది. రెండోది గడవడం లేదు.

"తలుపు తియ్యండి!" అని ఎవడో గావుకేక పెట్టాడు. పిరికి వెధవ అనుకున్నాను.

చీకట్లో మావ చెయ్యి నా నోటిని మూసింది.

"అరవకురా" అన్నాడు మెల్లగా. "ఆయేల రైలు సివర గార్డు పెట్టె, బ్రేకువానులో నానూ ఇలాగే అరిసినాను. పక్కనున్న సిపాయి నా నోరు మూసినాడు."