రెండో తీర్పు

శనివారం మధ్యాహ్నం భార్య చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ఉందంటూ అతను పౌడరు రాసుకుని, అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

లోపలి గదిలో కూతురు రేపు చర్చిలో అప్పజెప్పాల్సిన సత్యోపదేశం పాఠం వల్లె వేస్తోంది. "చనిపోగానే ఆత్మకు ప్రత్యేక తీర్పు జరుగును. లోకాంతమున తుది తీర్పు జరుగును. ఆనాడు దాచినవన్నీ అందరి ఎదుట బయటపడును."

"మొదటిది చాలదా?" నవ్వాడతను. "దేవుడితో గుట్టుగా తేల్చుకున్నాక, మళ్లీ అందరి ముందూ దేనికంట?"

ఆమె కాలరు మీద ఇస్త్రీపెట్టె ఒత్తింది. "మీ వంతు వచ్చినప్పుడు నేను తల తిప్పుకుంటాలెండి."

"నేనేం చేశానని?"

"అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, ఒక శనివారం ఫ్యాక్టరీకి మీకు క్యారేజీ పట్టుకొచ్చాను. గేటుకి తాళం వేసుంది. శనివారాలు ఒంటిగంటకే మూసేస్తారని వాచ్‌మన్ చెప్పాడు."

చేతిలో దువ్వెన ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. లోపల పాఠం మళ్లీ మొదటికొచ్చింది.

"దానికి తెలుసా?" అన్నాడు, లోపలి గది వైపు చూస్తూ.

"తెలీదు." ఇన్నేళ్లుగా ప్రతి శనివారం ఇచ్చినట్టే, వెచ్చటి చొక్కా అతని చేతికిచ్చింది. "ఆ తీర్పు రోజు దాని కళ్లు నేనే మూస్తాలెండి."