పళ్ళెం పెట్టకముందు

"పొద్దున్నే ఎండోస్కోపీ. ఖాళీ కడుపుతో వెళ్ళాలి కాబట్టి ఇన్సులిన్ ముట్టుకోకు నాన్నా. షుగరు పడిపోతే ప్రాణం మీదికొస్తుంది," అని కూతురు రాత్రి ఫోనులో ఒకటికి పదిసార్లు చెప్పింది.

"సాధింపులో అచ్చం మీ అమ్మ పోలికే," అని నవ్వాడు మాస్టారు.

తెల్లారకముందే మెలకువ వచ్చింది. నిద్రమత్తులో అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే ఇన్సులిన్ పెన్ను అందుకుంది. చొక్కా పైకెత్తాడు. సూది పొట్టకు ఆనింది.

"నేనింకా పళ్ళెం పెట్టానా? అప్పుడే ఏం తొందర?"

వంటింట్లోంచి భార్య గొంతు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ బల్ల మీద పళ్ళెం చప్పుడయ్యాకే సూది వేసుకోనిచ్చేది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

కూతురి మాట అప్పుడు గుర్తొచ్చింది. పెన్ను పక్కన పెట్టి, వంటింటి వైపు చీకటికి చేతులు జోడించాడు.

"లేదే, నువ్వింకా పళ్ళెం పెట్టలేదు."

వంటింట్లో ఎవరో తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.