ఇంకొక్క షాట్

దర్శకుడు మనోహర్ ఒక సంతకం కోసం కవిటి ఊరు వచ్చాడు. నవల ఆధారంగా తీసిన తన సైన్స్ ఫిక్షన్ సినిమాకు ఇప్పుడు రెండో భాగం తీస్తున్నాడు. మొదటి భాగంలో చనిపోయిన ముసలి గ్రహాంతరవాసి, నవల ప్రకారం, ఇందులో తిరిగి లేస్తాడు.

ఆ వేషం వేసింది ఈ ఊళ్లో ఉండే కళావతి భర్త. సినిమా విడుదలకు ముందే ఆయన కిడ్నీ జబ్బుతో పోయాడు. కంప్యూటర్లో ఆయన్ని మళ్లీ నడిపించాలంటే భార్య ఒప్పుకోవాలి.

కళావతి కొబ్బరికాయలు ఒలవడం ఆపి, కాగితం అందుకుంది. మనోహర్ ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, ఇక్కడ ఆఖరి రోజు షూటింగ్‌లో ఆయన డయాలసిస్‌కు వెళ్తానంటే నేనే ఆపాను. ఇంకొక్క షాట్, ఇంకొక్క షాట్ అంటూ సాయంత్రం దాకా ఉంచేశాను."

"తెలుసు బాబూ. మర్నాడే కదా ఆయాసమొచ్చి పోనాడు."

"మరి నన్ను ఒక్క మాటా అనలేదేం?"

ఆమె సంతకం చేసి కాగితం తిరిగిచ్చింది.

"ఏటంతాను? ఆ సాయంత్రం ఎంత సంబరంగా ఇంటికొచ్చినాడో! 'నాలుగేళ్ల నుంచీ అందరికీ బరువైపోనాను. ఈయాల నాను నేకపోతే పని ఆగిపోద్దన్నారే' అని మురిసిపోనాడు. ఆ మాట నిజమే కదా బాబూ?"

ఆ సాయంత్రం తీసిన షాట్‌ను సినిమా నిడివి ఎక్కువైందని ఎడిటింగ్‌లో తీసేశారు. తీసెయ్యమన్నది మనోహరే.

"నిజమేనమ్మా," అన్నాడు, ఆమె ముఖంలోకి చూడలేక.