ఎడమ చెయ్యి

"ఆ మోటారు విప్పితేనే లైను మీదికి పోతవ్," అన్నాడు ఖైజర్.

గోదావరిఖని బైకు రేసులో ఎలక్ట్రానిక్ సాయం ఏదీ ఉండకూడదు. రేసుకు ముందు బండ్లు చూసే పని మెకానిక్ ఖైజర్‌ది. మమత బండి ట్యాంకు కింద చిన్న మోటారు దొరికింది. బటన్ నొక్కితే చాలు, ఎడమ చేత్తో పట్టాల్సిన క్లచ్ దానంతటదే పడుతుంది.

"నీకు బండి నేర్పింది నేను. గెల్వనీకి గిట్ల చేస్తవా?"

"గెల్వనీకి కాదన్నా." మమత గ్లౌజు తీసి తన ఎడమ చెయ్యి అతని చేతిలో పెట్టింది.

"గట్టిగ పట్టుకో," అన్నాడు.

"పట్టుకునే ఉన్నన్నా."

వేళ్లు కదిలాయి గానీ అతనికి ఏ బలమూ తగల్లేదు.

"దవాఖానల ఏమన్నరు?"

"నరాలు సచ్చిపోతున్నయట. మందు లేదట. కుడి చెయ్యి గూడ గిట్లనే అయితదట."

ఖైజర్ ఆ చేతిని వదల్లేదు. ఈమెను పోనిస్తే, పొద్దున ఇదే రూలు కింద తను ఆపిన ఇద్దరికి ఏం చెప్పాలి?

"రూలు..." అని ఆగిపోయాడు.

"తెలుసన్నా. గందుకే నీకు చెప్పలే. ఆఖరికి ఒక్కసారి ఉరికిద్దామనుకున్న."

లైను మీద మొదటి జత బండ్లు దూసుకుపోయాయి. మమత అటు చూడలేదు.

"హెల్మెట్ బెల్టు విప్పవా అన్నా," అంది. "నాతోని అయితలేదు."