ఆఖరి వరస చెక్క కుర్చీ

"టికెట్ సంగతి వదిలెయ్యి మేనేజరన్నా. ఈ రెండో భాగం కోసం పదేళ్ళు ఎదురుచూశాను. ఆ పదేళ్ళు ఎవరు తిరిగిస్తారు?"

మ్యాట్నీ వదిలారు. అభిమాన సంఘం అధ్యక్షుడు మేనేజరు గదిలో కూలబడ్డాడు.

ఓడదొంగల సినిమా మొదటి భాగాన్ని కంటికి నల్లగుడ్డ కట్టుకుని మరీ యాభైసార్లు చూసినందుకు అతనికి ఒంటికన్ను అనే పేరు స్థిరపడింది. నిజానికి రెండు కళ్ళూ శుభ్రంగా కనిపిస్తాయి. ఇవాళ ఆ నల్లగుడ్డ మెడలోకి జారిపోయి ఉంది.

"ఏం తక్కువైంది తమ్ముడూ? కత్తులున్నాయి, తుఫానుంది. ఓడ కూడా అప్పటికన్నా పెద్దదే."

"అన్నీ ఉన్నాయన్నా. ఏదో లేదు. అప్పుడు సముద్రం మీద ఉన్నట్టుండేది. ఇప్పుడు సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంది."

మేనేజరు నిట్టూర్చాడు.

ఈ సినిమా రెండు వారాలు నిలబడకపోతే హాలుకి తాళం వేసేస్తానని యజమాని తెగేసి చెప్పాడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. ఆట వదిలాక జనం మొహాలు చూసి, సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందో చెప్పడం తప్ప ఆయనకి వేరే విద్య రాదు.

ఈసారి ఆ మొహాలే అంతుపట్టడం లేదు.

మ్యాట్నీ వాళ్ళూ ఫస్ట్ షో వాళ్ళూ మొహాలు వేలాడేసుకుని బయటికొస్తున్నారు. ఉదయం ఆట వాళ్ళు మాత్రం "పర్లేదు, ఆ తుఫాను బాగుంది" అనుకుంటూ వెళ్తున్నారు.

పొద్దున్నే బుర్ర తాజాగా ఉంటుంది కాబోలని సరిపెట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం ఆట మధ్యలో ఒకాయన విసవిసా బయటికొచ్చాడు.

"నా పక్కనున్న ముసలాయన కుర్చీ ఒకటే కిర్రు కిర్రు. సినిమా చూడాలా, దాని ఏడుపు వినాలా?"

మేనేజరు టార్చిలైటు పట్టుకుని లోపలికెళ్ళాడు.

కొత్త సీట్లు వేయించినప్పుడు, ఆఖరి వరస దగ్గరికొచ్చేసరికి యజమానికి ఓపిక అయిపోయింది. అక్కడ ఇంకా పాత చెక్క కుర్చీలే. మూల కుర్చీలో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని వెనక్కీ ముందుకీ ఊగుతున్నాడు. మొదటి రోజు నుంచీ ఉదయం ఆట తప్పకుండా వస్తున్న మనిషే.

"పెద్దాయనా, నిద్రొస్తే ఇంట్లో పడుకోవచ్చుగా?"

"నిద్ర కాదు బాబూ. సినిమాకే వచ్చాను."

"కళ్ళు మూసుకునా?"

"కళ్ళతో చూడ్డానికి అందరూ ఉన్నారుగా."

వెటకారమనుకున్నాడు మేనేజరు. అసలే విసిగి ఉన్నాడేమో, ఒళ్ళు మండింది.

"ముందు వరసల్లో మెత్తటి సీట్లు బోలెడు ఖాళీ. వెళ్ళి అక్కడ కూర్చోండి."

"నాకిదే కావాలి. ఇలాంటి కుర్చీ ఇప్పుడు వెతికినా దొరకదు. దీన్నేమీ చెయ్యకండి బాబూ." తెర వైపు తలూపాడు. "ఓడ బాగుంది. పాపం, దానికి నోరే లేదు."

మతి చలించిన మనిషనుకున్నాడు మేనేజరు. వాదించే ఓపిక లేక బయటికొచ్చేశాడు.

మ్యాట్నీ మొదలయ్యే లోపే వడ్రంగిని పిలిపించాడు. అతను మరలు బిగించి, మేకులు కొట్టి, కీళ్ళన్నిట్లో నూనె పోశాడు. పనిలో పనిగా ఆ వరసంతా చేసి పెట్టాడు.

మర్నాడు పెద్దాయన వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. వెనక్కి వాలాడు. ముందుకి వంగాడు. మళ్ళీ వాలాడు.

తెర మీద తుఫాను రాకముందే లేచి బయటికొచ్చాడు.

"కుర్చీ బాగు చేయించారా బాబూ?"

"చేయించాను. ఇక ఎంతసేపైనా హాయిగా ఊగండి." మేనేజరు గొంతులో కాస్త గెలుపు ఉంది.

పెద్దాయన హాలు తలుపు వైపు ఓసారి వెనక్కి తిరిగి చూశాడు. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ రోజు నుంచి ఉదయం ఆట వాళ్ళ మొహాలూ వేలాడాయి. సినిమా విడుదలైన పదో రోజున యజమాని ఫోన్ చేశాడు. ఆదివారంతో ఆఖరు.

ఆదివారం ఉదయం ఆట అయ్యాక ఒంటికన్ను ఒక్కడే సీట్లో ఉండిపోయాడు. మేనేజరు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఇక తొందరపడి చేయాల్సిన పనేమీ లేదు.

"ఏంటన్నా ఈ మాయ! మొదటి వారం ఉదయం ఆట చూసి, ఓడ అచ్చం అప్పట్లాగే మూలిగిందన్నాడు మా బావ. అందుకే మళ్ళీ వచ్చా. చెవులు రిక్కించి కూర్చున్నా. ఎక్కడా లేదే!"

"ఓడ మూలగడమేంట్రా?"

"మొదటి భాగంలో ఉందిగా! అల లేచినప్పుడల్లా చెక్కలన్నీ కిర్రుమని మూలిగేవి. మన కడుపులో తిప్పేది. నేను వెతికేది అదేనని బావ చెప్పేదాకా నాకే తెలీలేదు. ఆ చప్పుళ్ళన్నీ ఒక్క మనిషే చేశాడట. ఈసారి ఆయన్ని పిలవలేదట, కంప్యూటర్‌తోనే కానిచ్చేశారు. ఉండు, పాత ఫోటో ఉంది, చూపిస్తా."

ఫోటో కోసం మేనేజరు ఆగలేదు. లేచి ఆఖరి వరసకి నడిచాడు. మూల కుర్చీని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి నెట్టాడు, ముందుకి లాగాడు. అది కిక్కురుమనలేదు.

ఒంటికన్ను వెనకే వచ్చి ఫోను మేనేజరు ముందు పెట్టాడు.

అందులో సముద్రం లేదు, ఓడా లేదు. ఇరుకు గదిలో మైకు ముందు ఒక పాత చెక్క కుర్చీ, అందులో కళ్ళు మూసుకుని వెనక్కి వాలి ఆ పెద్దాయన.